నీళ్లు దిగిన దారి: డెట్రాయిట్ పాడుబడ్డ కర్మాగారాల్లో అడుగు పెట్టే ముందు

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి తెర మీద బొమ్మ కనబడుతోందా? కనబడకపోతే ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ్టి విషయమంతా మరకల గురించి. మరక కనబడకపోతే నేను చెప్పేది సగం వృథా.

పాడుబడ్డ ఫ్యాక్టరీ చూడాలనుకునేవాళ్లు మొదట ఏమడుగుతారు? లోపలికి దారెక్కడ అని అడుగుతారు. అది రెండో ప్రశ్న అండీ. మొదటి ప్రశ్న ఇంకొకటుంది. ఈ భవనంలోకి నీళ్లు ఎక్కడి నుంచి దిగాయి? దిగి ఎటు పోయాయి? ఎక్కడ నిలిచాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎక్కడ కాలు పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో చాలావరకు తెలిసిపోతుంది. ఈ గంటసేపు నేను చెప్పబోయేది ఇదే. ఒకే మాటని పది చోట్ల పెట్టి చూపిస్తాను.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్‌నే ఎందుకు తీసుకున్నాను? 1950 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో 18,49,568 మంది ఉన్నారు. 2020 లెక్కల్లో 6,39,111 మంది. అంటే ముగ్గురున్న చోట ఇప్పుడు ఒక్కరు. 2013 జులై 18న నగరమే దివాలా పిటిషన్ వేసింది. మనుషులు వెళ్లిపోయారు, కట్టడాలు మిగిలాయి. అవి మామూలు కట్టడాలు కావు. కార్ల పరిశ్రమ తొలిరోజుల్లో కాంక్రీటుతో, ఉక్కుతో పెద్ద ఫ్యాక్టరీ ఎలా కట్టాలో ఆ ఊళ్లోనే నేర్చుకున్నారు. కాబట్టి కట్టిన పద్ధతులూ, అవి పాడయ్యే పద్ధతులూ అన్నీ ఒక్క ఊళ్లోనే దొరుకుతాయి.

ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీ సంగతి చూడండి. తూర్పు గ్రాండ్ బౌలెవార్డ్ మీద 1903లో మొదలైంది. వాస్తుశిల్పి ఆల్బర్ట్ కాన్. 1905లో కట్టిన పదో నంబరు భవనానికి ఆయన ఇనుము వేసిన కాంక్రీటు వాడాడు. ఆ ఇనుప కమ్మీల పద్ధతి తమ్ముడు జూలియస్ కాన్‌ది. కమ్మీకి రెండు పక్కలా ఉన్న రెక్కల్ని చీల్చి పైకి వంచేవాళ్లు. పెచ్చులూడిన పాత దూలం కింద నిలబడి చూస్తే ఆ రెక్కలు చేప ముళ్లలా ఏటవాలుగా పైకి పోతూ కనబడతాయి. ఆ తర్వాత పెరిగి పెరిగి ఆ ఫ్యాక్టరీ 35 లక్షల చదరపు అడుగులైంది. కార్ల తయారీ 1956లో ఆగిపోయింది. కూల్చడం 2022లో మొదలై 2024 చివరికి పూర్తయింది. మధ్యలో ఎన్నేళ్లు? అరవై ఆరేళ్లు. కొన్ని భాగాల్లో చిన్నచిన్న వ్యాపారాలు చాలాకాలం నడిచాయి, మిగతాది వానకీ మంచుకీ వదిలేశారు. ఆ బౌలెవార్డ్ మీదుగా రెండు భవనాల్ని కలిపే వంతెన ఒకటుండేది. అది 2019 జనవరిలో రోడ్డు మీద కూలిపోయింది. జనవరి అన్నాను కదా, ఆ నెల గుర్తుపెట్టుకోండి. మళ్లీ అక్కడికే వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. కాంక్రీటు భవనం పైకప్పు చదునుగా ఉంటుంది. నీళ్లు పోవడానికి మధ్యలో తూములుంటాయి, అక్కడి నుంచి గొట్టాలు భవనం లోపలగుండా కిందికి దిగుతాయి. మూతపడ్డాక మొదటి శరత్కాలంలోనే ఏమవుతుంది? ఆకులు, పావురాల ఈకలు, తారు పెళ్లలు వచ్చి తూము నోట్లో కూరుకుంటాయి. నీళ్లు నిలుస్తాయి. ఎంత బరువో లెక్క వేద్దాం. ఒక చదరపు అడుగు చోట ఒక అంగుళం నీళ్లు నిలిస్తే 5.2 పౌన్లు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 20 అడుగులనుకోండి, నాలుగు స్తంభాల మధ్య గది 400 చదరపు అడుగులు. ఆరంగుళాల నీళ్లు నిలిచాయంటే ఎంత? పన్నెండున్నర వేల పౌన్లకు కాస్త తక్కువ. ఐదున్నర టన్నులు దాటింది. ఒక్క గదిలో! ఆ బరువుకి కప్పు కొద్దిగా కుంగుతుంది. కుంగిన చోటికి ఇంకా నీళ్లు చేరతాయి. చేరితే ఇంకా కుంగుతుంది. ఎక్కడా ఆగదది.

ఇది బరువు సంగతి. రెండోది గడ్డకట్టడం. నీరు మంచుగడ్డ అయితే నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బుతుంది. పగుల్లో నీళ్లు, రాత్రి గడ్డ, పగలు కరుగు, మళ్లీ రాత్రి గడ్డ. నిజానికి డెట్రాయిట్ చలికాలం గట్టి చలికంటే ఈ అటూఇటూ ఊగడంతోనే ఎక్కువ దెబ్బతీస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. ప్రతి తిరుగుడికీ పగులు ఇంకాస్త విచ్చుకుంటుంది. గడ్డగా ఉన్నంతసేపు ఆ మంచే ఇటుకని పట్టుకుని ఉంటుంది, కరిగాక వదిలేస్తుంది. అందుకే నడిచలిలో కంటే కరుగు రోజుల్లో ఇటుకలు ఎక్కువ రాలతాయి. జనవరిలో నాలుగు రోజులు వెచ్చబడినా, మార్చి మొత్తమూ, ఆ గోడల పక్కకి పోకండి.

మూడోది తుప్పు. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే అన్నిటికంటే దీని గురించే అపోహలెక్కువ. మంచి కాంక్రీటుకి గట్టి క్షారగుణం ఉంటుంది, పీహెచ్ పన్నెండున్నర, పదమూడు. ఆ క్షారంలో ఉన్నంతకాలం లోపలి ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతుంది, పీహెచ్ తొమ్మిదికి దిగుతుంది. అక్కడితో ఇనుముకి రక్షణ పోయింది. ఇంక నీళ్లొకటి తగలాలి, అంతే. తుప్పు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల చోటేదీ? కాంక్రీటుని బయటికి నెడుతుంది. మొదట కమ్మీ పొడవునా సన్నని గీత పడుతుంది. తర్వాత ఆ గీత వెంట గోధుమరంగు మరక వస్తుంది. తర్వాత పెచ్చు ఉబ్బుతుంది, చివరికి ఊడి పడుతుంది.

ఇప్పుడు తెర మీద బొమ్మ చూడండి. ఇది స్లాబు అడుగుభాగం, అంటే కింది అంతస్తులో నిలబడి పైకి చూస్తే కనబడేది. ఎడమవైపు తెల్లగా పొంగులాగా ఉంది కదా, దాని నుంచి సన్నని గొట్టాల్లా సున్నపు ఊడలు వేలాడుతున్నాయి. నీళ్లు స్లాబుని దాటుకుంటూ వచ్చి, దార్లో సున్నాన్ని కడిగి తెచ్చి ఇక్కడ వదిలాయి. కుడివైపు గోధుమ మరక. తెలుపంటే నీళ్లు దాటాయని, గోధుమంటే నీళ్లు ఇనుముని చేరాయని. రెండూ ఒకేచోట ఉంటే? ఆ గది మీద పై అంతస్తులో అడుగు పెట్టకూడదు. దీన్నుంచి వచ్చే నియమం ఒకటి రాసుకోండి. ఏ అంతస్తు మీదికైనా ఎక్కే ముందు దాని కింది అంతస్తులో తిరిగి తలెత్తి చూడాలి. పైనుంచి చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనబడదు. నేల సంగతి తెలియాలంటే దాని కప్పు చూడాలి. మళ్లీ చెప్తాను, కింది నుంచి చూశాకే పైకెక్కడం.

నీళ్లకి దారి తీసింది వానొక్కటే కాదు. పాత సామాన్ల కోసం భవనాలు ఒలిచేవాళ్లున్నారు కదా, వాళ్ల పని వరస కూడా తెలియాలి. మొదట రాగి పోతుంది. కప్పు అంచుల మీద నీళ్లు లోపలికి రాకుండా మడిచిన రాగిరేకులుంటాయి, అవీ పోతాయి. తర్వాత పోతఇనుప గొట్టాలు. పైన చెప్పిన వాన గొట్టాలు అవే! గొట్టం పోయాక తూము బాగున్నా నీళ్లు నేరుగా లోపలి అంతస్తులో పడతాయి. ఆ తర్వాత నేల మీది ఉక్కు పలకలు, గుంతల మూతలు, జాలీలు, లిఫ్టు తలుపులు. చివరికి గ్యాస్ కట్టరుతో దూలాలే కోస్తారు. స్తంభాల మధ్య ఏటవాలుగా ఉండే సన్నటి కట్టుకమ్మీలు ఏ పనికీ రానట్టు కనబడతాయి, వాటిని ముందు కోసేస్తారు. కానీ గాలి తోపుని ఆపేవి అవే. ఉక్కు మీద నున్నగా, కొత్తగా మెరిసే కోత కనబడిందా? వెనక్కి వచ్చేయండి. ఆ కోత తర్వాత ఆ చట్రం ఎలా నిలబడి ఉందో చెప్పగలిగినవాళ్లెవరూ లేరు.

అందుకే నేల మీద ప్లైవుడ్డు గానీ రేకు గానీ పడి ఉంటే దాని మీద కాలు వేయొద్దు. దాని కింద ఏముంటుంది? చాలాసార్లు మామూలు నేలే. కానీ ఒక్కోసారి యంత్రం దించిన కన్నం, రెండంతస్తుల లోతు. ఎత్తి చూడాలనీ అనిపిస్తుంది, ఎత్తకండి. రేకు పట్టుకుని ముందుకు నడిచి అదే కన్నంలో పడటం బాగా తెలిసిన ప్రమాదం. చుట్టూ తిరిగి వెళ్లండి.

నీటి మడుగు కూడా అంతే. కింది అంతస్తులో మడుగు కనబడితే ఎంత లోతనుకుంటారు? చెప్పుల లోతా? కార్ల ఫ్యాక్టరీల్లో కన్వేయరు గుంతలు, ప్రెస్సు యంత్రాల పునాది గుంతలు, నీళ్లు తోడే బావులు ఉంటాయి. మూతలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. నీళ్లు నిండితే నేలా గుంతా ఒకే మట్టంలో అద్దంలా కనబడతాయి. చలికాలంలో పైన పలుచటి మంచు, దాని మీద దుమ్ము. ఇంక పోల్చుకోలేరు. మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషను సంగతి మీలో కొందరు వినే ఉంటారు. 1913లో తెరిచారు, 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది. 2018లో ఫోర్డ్ కంపెనీ కొని బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు నేలమాళిగ నుంచి తోడిన నీళ్లు 35 లక్షల గాలన్లు. ముప్ఫయ్యేళ్లు ఆ పద్దెనిమిది అంతస్తుల కట్టడంలోకి పడిన వాన చివరికి అక్కడ చేరింది. 2024 జూన్‌లో ఆ స్టేషను మళ్లీ తెరిచారు. కాబట్టి నీళ్లు పోగొడితే భవనం తిరిగొస్తుంది కూడా. ఆ మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఈ కట్టడాల్ని చచ్చిన జంతువుల్లా చూసేవాళ్లంటే నాకు బాధ.

ఇక లోపలికి వెళ్లే ముందు చేసే పని. రాతపూర్వకమైన అనుమతి లేకుండా వెళ్లొద్దు. మిషిగన్‌లో అనుమతి లేకుండా ఇతరుల స్థలంలో అడుగుపెడితే 30 రోజుల వరకు జైలు, 250 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ. భవనంలోకి చొరబడటం వేరే నేరం, దానికి 90 రోజులు, 500 డాలర్ల వరకు. చట్టం సంగతి అలా ఉంచినా, యజమాని తోడుంటే ఏ గోడ ఎప్పుడు పడిందో, కరెంటు ఎక్కడ మిగిలి ఉందో అడగొచ్చు. యజమాని ఎవరో వేన్ కౌంటీ, అంటే డెట్రాయిట్ ఉన్న జిల్లా, దస్తావేజుల కార్యాలయంలో తెలుస్తుంది.

ఆ తర్వాత పటాలు. శాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా పటాలని ఉన్నాయి. బీమా కంపెనీల కోసం అమెరికాలో వేలాది ఊళ్లని భవనం భవనంగా గీశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు చాలావాటిని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. రంగులకి అర్థం ఉంటుంది. గులాబీ రంగంటే ఇటుక, పసుపంటే చెక్క, నీలమంటే రాయి, బూడిద రంగంటే ఇనుము. గోడ మందం అంగుళాల్లో రాసి ఉంటుంది. లిఫ్టు ఎక్కడ, బాయిలరు ఎక్కడ, నూనె తొట్టి ఎక్కడ, అన్నీ ఉంటాయి. నలుపు తెలుపు నకళ్లలో మాత్రం రంగులు పోతాయి, రంగు ప్రతే వెతకండి. వేర్వేరు సంవత్సరాల పటాలు రెండు మూడు పక్కపక్కన పెట్టుకుంటే ఏ భాగం ఎప్పుడు అతికించారో తెలుస్తుంది. పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు ఉంటుంది చూశారా, నీళ్లు దూరేది అక్కడే. పటం మీద ఆ అతుకు గీత వెంట పెన్సిలుతో గుర్తుపెట్టుకుని వెళ్లండి.

బయట గోడ మీద ఎర్ర పలక ఉందేమో చూడండి. రెండడుగుల చదరం, ఎర్ర నేపథ్యం, తెల్ల అంచు. ఇది అగ్నిమాపక దళాల కోసం పెట్టే గుర్తు. లోపల గీత లేకపోతే కట్టడం మామూలుగా ఉందని. ఒక ఏటవాలు గీత ఉంటే లోపల ప్రమాదాలున్నాయని, బహుజాగ్రత్తగా వెళ్లాలని. రెండు గీతలు అడ్డంగా ఇంటూ గుర్తులా ఉంటే ప్రాణాలు కాపాడాల్సి వస్తే తప్ప ఎవరూ లోపలికి పోవద్దని. పక్కన అక్షరాలుంటే అవీ చదవండి. ఆర్-ఓ అంటే కప్పు తెరుచుకుని ఉంది, ఎస్-ఎం అంటే మెట్లు లేవు, హెచ్-ఎఫ్ అంటే నేలలో కన్నాలున్నాయి, ఎఫ్-ఈ అంటే బయటి అత్యవసర మెట్లు ఎక్కొద్దు. ఈ గుర్తుల వెనక ప్రాణాలున్నాయండీ. 1999 డిసెంబరు 3న మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో, అదీ పరిశ్రమలు తగ్గిపోయిన ఊరే, వాడకంలో లేని శీతల గిడ్డంగి తగలబడింది. లోపల మనుషులున్నారేమోనని వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది ఆరుగురు పోయారు. కిటికీలు దాదాపు లేని కట్టడం, పొగలో దారి తెలియలేదు. మీరు లోపలుండగా ఏదైనా అయితే మీ కోసం ఎవరో ఒకరు లోపలికి వస్తారు. ఆ ఒకరి గురించి కూడా ఆలోచించి వెళ్లండి. ఇంటూ గుర్తున్న చోటికి ఎవరు అనుమతిచ్చినా వద్దు.

ఒకసారి వానరోజు వెళ్లి బయటి నుంచి చూడండి. నీళ్లు ఏ కిటికీ కింద గోడ మీదుగా కారుతున్నాయి, ఏ మూల తడిగా ఉంది, ఏ మూల పొడిగా ఉంది. ఫొటోలు తీసుకోండి. నడవడం మాత్రం పొడి వాతావరణం నాలుగు రోజులు గడిచాక. సెప్టెంబరు చివర, అక్టోబరు మంచి కాలం. గోడ పొట్ట ఉబ్బినట్టు ఉందా, పైన పిట్టగోడ బయటికి వాలిందా, చూసుకోండి. అనుమానముంటే గోడ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి. 40 అడుగుల గోడకి 60 అడుగులు. అగ్నిమాపక దళాలు పాటించే లెక్కే ఇది.

లోపల నడక. కాంక్రీటు కట్టడంలో స్తంభాల వరస వెంట నడవండి, గది నడుమకి పోకండి. దూలం ఉన్న చోట కింద కొంత ఆధారముంటుంది. కొన్ని ఫ్యాక్టరీల్లో దూలాలే ఉండవు, స్తంభం పైభాగం పుట్టగొడుగులా విచ్చుకుని నేరుగా స్లాబుని మోస్తుంది. అక్కడ కూడా స్తంభాల వరసే నయం. కానీ ఆ పుట్టగొడుగు చుట్టూ గుండ్రంగా పగులు కనబడితే ఆ అంతస్తు వదిలేయాలి. అలాంటి స్లాబు కూలేటప్పుడు స్తంభం దాన్ని పొడుచుకుని పైకొచ్చేస్తుంది, ముందు హెచ్చరిక పెద్దగా ఉండదు.

చెక్క అంతస్తుల్లో అందరూ చెప్పే సలహా ఒకటుంది. గోడ పక్కనే నడవండి అని. గోడ పొడిగా ఉంటే అది మంచి సలహా. గోడ తడిసి ఉంటే ప్రాణాంతకం. ఎందుకు? చెక్క దూలం కొస ఇటుక గోడలోని గూట్లో కూర్చుని ఉంటుంది. కప్పు నుంచి గోడ లోపలగుండా దిగే నీళ్లు మొదట తడిపేది ఆ కొసనే. గాలాడదు, ఆరదు. చెక్కలో తేమ నూటికి 20 పాళ్లు దాటి అలాగే నిలిస్తే బూజు పట్టడానికి దారి తెరుచుకున్నట్టే. దూలం నడుమంతా రాయిలా ఉంటుంది, కొస మాత్రం పిండి. చూడాలంటే స్క్రూడ్రైవరు మొనతో పొడిచి పైకి ఎత్తండి. మంచి చెక్క పొడుగాటి చీలికగా లేస్తుంది. పుచ్చిన చెక్క చీలకుండా చిన్న ముక్కగా ఫట్టున విరిగి వస్తుంది. చెక్క మీద అడ్డంగా నిలువుగా పగిలి పాచికల్లా గడులు పడి ఉంటే పొడవక్కర్లేదు, చూస్తేనే చాలు.

కర్రతో కొట్టి చూడటం గురించి మీలో చాలామంది అడుగుతుంటారు. కొట్టండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, పొర విడిపోయింది డొల్ల మోత మోగుతుంది. అయితే ఒక మాట. డొల్ల మోత వస్తే పాడైందని నమ్మొచ్చు. ఖంగుమంటే బాగుందని నమ్మకూడదు. ఆ మోత పై రెండంగుళాల సంగతే చెప్తుంది, కింది కమ్మీ సంగతి చెప్పదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన నేల చూపిస్తాను. ఈ బొమ్మ చూడండి. పార్కు బాటలో పరిచిన రాళ్లలా ఉన్నాయి కదా? రాళ్లు కావు, చెక్క దిమ్మలు. చెట్టుని అడ్డంగా కోస్తే వలయాలు కనబడే ముఖముంటుందే, ఆ ముఖం పైకి పెట్టి, తారులో ముంచి, ఒకదాని పక్కన ఒకటి బిగించి పరిచారు. బరువైన యంత్రభాగం చేజారి పడినా భాగం పాడవదు, పనివాళ్ల కాళ్లు నొప్పి పుట్టవు, చప్పుడు తగ్గుతుంది. ఫ్యాక్టరీ నేలకి అంతకన్నా తెలివైన పరుపు లేదు. కానీ నీళ్లు చేరితే ప్రతి దిమ్మా కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. వేల దిమ్మలు, గోడ నుంచి గోడకి ఖాళీ లేకుండా. ఎటు పోతాయి? పైకి లేస్తాయి. అలలా, కొన్నిచోట్ల మోకాలెత్తు గుట్టలా. కింద గుహలా ఖాళీ. ఆ గుట్ట మీద కాలు వేస్తే దిమ్మలు జారి మడమ మెలిపడుతుంది. కింద స్లాబు ఉందో లేదో కూడా పైనుంచి కనబడదు. ఆ దిమ్మల అలని చూసి కప్పువైపు చూడండి. సరిగ్గా దాని పైనే కారుతున్న చోటు ఉంటుంది. నేలే మీకు కప్పు పటం గీసి చూపిస్తోంది. ఇలాంటి నేలకి నిప్పంటుకుంటే తారు వల్ల నల్లటి దట్టమైన పొగ వస్తుంది, కాబట్టి లోపల మంట వెలిగించే పని ఏ రూపంలోనూ వద్దు.

మెట్లు. కాంక్రీటు గోడల మధ్య ఉన్న మెట్లు మేలు. ఇనుప మెట్లయితే మెట్టు కాదు, మలుపు దగ్గర అరుగుకి మెట్ల చట్రం అతికిన చోటు చూడండి. నీళ్లు మెట్టు మెట్టూ దిగి అక్కడ నిలుస్తాయి. రెండు పలకల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి, రివెట్ల మధ్య రేకు అలలా వంగి ఉంటే ఎక్కకండి. ఉక్కు స్తంభాల అడుగు కూడా ఇలాగే. పైనంతా బాగుంటుంది, నేలకి ఆనిన చోట జానెడు మేర కాగితంలా పలచబడి ఉంటుంది. ఒకరి వెనక ఒకరు, మధ్యలో ఒక మలుపు దూరం. కలిసి ఎక్కొద్దు. భవనం బయటి అత్యవసర ఇనుప మెట్ల గురించి ఒక్క ముక్కే, ఎప్పుడూ వద్దు.

కాలిన గదిలో గోడ రంగు చూడండి. చాలా రకాల కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు కనబడితే అక్కడి బలం తగ్గిందని అర్థం. ఉక్కు దూలం 550, 600 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుని వంగుతుంది, చల్లారాక వంగినట్టే ఉండిపోతుంది.

నేలమాళిగలు, తొట్లు, సొరంగాలు. దీనికి నా జవాబు ఒక్కటే, దిగకండి. ఎందుకో చెప్తాను. గాల్లో ప్రాణవాయువు 20.9 శాతం ఉంటుంది. 19.5కి తగ్గితే ప్రమాదమని అమెరికా కార్మిక భద్రతా నియమాలు చెప్తాయి. మూసిన ఉక్కు తొట్టిలో ప్రాణవాయువు ఎవరు తినేస్తారు? తుప్పు! తుప్పు పట్టడమంటేనే ఇనుము ప్రాణవాయువుని తీసుకోవడం. నిలవ నీళ్లలో కుళ్లే చెత్త నుంచి కుళ్లిన గుడ్ల వాసన వాయువు వస్తుంది. వాసన వస్తే తెలుస్తుంది కదా అనుకుంటారు. దాని మోతాదు పెరిగితే, పది లక్షల పాళ్లలో వంద పాళ్ల దగ్గర, ముక్కు పని చేయడం మానేస్తుంది. వాసన పోయింది, ప్రమాదం పోయిందనుకుంటారు. ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో చాలామంది మొదట పడినవాళ్లు కారు, వాళ్లని తీయడానికి దిగినవాళ్లు. నాలుగు వాయువుల్ని కొలిచే మీటరు, పైన తాడు పట్టుకునే శిక్షణ పొందిన మనిషి, ఇవి లేకుండా దిగేది లేదు. మన మాస్కు గాలిని వడకడుతుంది, ప్రాణవాయువుని తయారు చేయదు.

మాస్కు అన్నాను కాబట్టి ఆస్‌బెస్టాస్, అంటే వేడి బయటికి పోకుండా చుట్టే నారలాంటి ఖనిజం. బాయిలరు గదిలో, ఆవిరి గొట్టాల మీద తెల్లగా, సున్నపు పట్టీలా చుట్టి ఉంటుంది. చెక్కుచెదరకుండా ఉంటే ముట్టుకోనంతవరకు పెద్దగా హాని లేదు. ఇక్కడా నీళ్లే కథ. తడిసి, బరువెక్కి, కిందపడుతుంది. తర్వాత ఆరి పొడవుతుంది. మీ బూటు తగలగానే లేస్తుంది. కంటికి కనబడదు, దగ్గు కూడా రాదు. జబ్బు బయటపడేది ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత. మందుల షాపు గుడ్డ మాస్కు దీనికి చాలదు. రబ్బరు ముఖభాగం, రెండు పక్కలా పీ-100 అనే, అతి సన్నటి దుమ్మునీ ఆపే వడపోతలు ఉన్నది కావాలి. గడ్డం ఉంటే అంచు ముఖానికి అతకదు, గీసుకోవాలి. పెట్టుకున్నాక వడపోతల్ని అరచేతులతో మూసి గాలి లోపలికి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కుని పది సెకన్లు అలాగే ఉండాలి. పక్క నుంచి సన్నగా గాలి వస్తే సర్దుకుని మళ్లీ చూడాలి. పావురాల రెట్ట గుట్టలు పడ్డ గదికీ ఇదే మాస్కు. ఎండిన రెట్టలో పెరిగే బూజు ఊపిరితిత్తులకి పడుతుంది. ఆ గుట్టల్ని కాలితో కదపొద్దు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ల కింద జిడ్డు మరక ఉంటే తొక్కకండి. 1979కి ముందువాటిలో పీసీబీ అనే విషరసాయనమున్న నూనెలు ఉండొచ్చు, బూటు అడుగున అంటుకుని ఇంటికి వస్తాయి. ఏ తీగా చచ్చిందనుకోవద్దు, పక్క భాగంలో ఎవరో అద్దెకుంటే ఆ కరెంటు మీ గదిలోంచే పోతుండొచ్చు.

సరంజామా త్వరగా చెప్పేస్తాను. తలకి హెల్మెట్టు, దానికి దీపం. జేబులో రెండో దీపం, సంచిలో మూడోది. మేకు దిగకుండా అడుగున ఉక్కు పలక ఉన్న బూట్లు, బొటనవేలు దగ్గర ఉక్కు ఉంటే చాలదు. తోలు చేతితొడుగులు, ఈల, రక్తం ఆపే కట్టు. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకుని ఉండాలి. మురికి గాయమైతే ఐదేళ్లు దాటినా మళ్లీ వేస్తారు. లోపలికి తక్కువలో తక్కువ ముగ్గురు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఒకరు బయటికి వెళ్తారు. ఇద్దరైతే ఆ లెక్క కుదరదు. బయట నాలుగో మనిషి చేతిలో చిరునామా, ఏ ద్వారం, ఎన్నింటికి బయటికొస్తామన్నది కాగితం మీద రాసి ఉండాలి. ఆ సమయం దాటి అరగంటకి ఫోన్ కలవకపోతే వెతుక్కుంటూ లోపలికి రాకూడదు, అక్కడి అత్యవసర నంబరు 911కి చేయాలి.

బయటికొచ్చాక మాస్కు చివర్న తీయండి. ముందు తడిగుడ్డతో బూట్లు, బట్టలు తుడవాలి. దులపకూడదు, దులిపితే అంతా గాల్లోకి లేస్తుంది. పై బట్టలు విప్పి సంచిలో కట్టేసి, ఆ తర్వాత మాస్కు. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఆస్‌బెస్టాస్ పనివాళ్ల భార్యలకి, పిల్లలకి జబ్బు చేసింది ఇలా ఇంటికొచ్చిన దుమ్ముతోనే.

ఇక ఆఖరిది, ఫొటోలు. అక్కడి నుంచి ఏదీ తీసుకురావద్దు, ఒక్క బోల్టు కూడా. ఫొటోలు తీయండి, కానీ చెల్లాచెదురుగా కాదు. వేలాది ఫొటోలు ఉన్నా ఏది ఏ భవనమో, ఏ అంతస్తో ఎవరూ చెప్పలేని పరిస్థితి ఎందుకొస్తుంది? తీసిన రోజు ఎవరూ రాసుకోలేదు కాబట్టి. ప్యాకార్డ్‌లో ఇప్పుడు వెళ్లి సరిచూసుకుందామంటే ఆ గోడ లేదు. ఫ్యాక్టరీ స్తంభాల మీద చాలాచోట్ల అక్షరం, అంకె రంగుతో రాసి ఉంటాయి. ఒకవైపు వరసకి అక్షరాలు, రెండోవైపు అంకెలు. ప్రతి గదిలో మొదటి ఫొటో ఆ స్తంభానిదే తీయండి. రెండోది తలెత్తి కప్పుది, మూడోది అదే చోట నిలబడి నేలది. తర్వాత మీకు నచ్చినవి ఎన్నైనా తీసుకోండి. అదే రోజు రాత్రి ప్రతి ఫొటో పేరు మార్చాలి. తేదీ, భవనం నంబరు, అంతస్తు, స్తంభం, ఏ దిక్కుకి తిరిగి తీశారు. ఇలా: పదో భవనం, మూడో అంతస్తు, బి-7, ఉత్తరం. పక్కన ఒక గడి వదిలి, తడి ఉందా లేదా అన్నది రాయండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు మీ దగ్గరికే వస్తుంది.